పడవ మాస్టు (తెరచాప కట్టే స్తంభం) కింద పుచ్చిపోయింది, పైకి మాత్రం రావడం లేదు. ఎవరైనా దారి చూపగలరా?

గాలివాటం:
ఉదయం ఎనిమిది గంటలకు మొదలుపెట్టాను, ఇప్పుడు సాయంత్రం నాలుగు దాటింది. మాస్టు అడుగుభాగం పుచ్చిపోయింది కాబట్టి దానిని పైకి తీసి కొత్తది పెట్టాలన్నది నా ఉద్దేశం. మాస్టును నిలబెట్టే తీగలన్నీ విప్పాను, డెక్కు (పడవ పైతలం) రంధ్రం చుట్టూ బిగించి ఉన్న చెక్క చీలలను కొట్టి తీశాను, క్రేనుతో రెండుసార్లు లాగించాను. పడవ మొత్తం నీటిలోనుండి లేస్తున్నదే తప్ప మాస్టు అంగుళం కూడా కదలలేదు. క్రేను మనిషి నన్నొక చూపు చూసి, రేపు వస్తానని వెళ్లిపోయాడు. వాడుక తెలిసినవారు దయచేసి వెంటనే చెప్పగలరు.

ముక్తసరి:
తీగలు విప్పారు, చీలలు తీశారు, క్రేను వెళ్లిపోయింది. మరి ఇప్పుడు ఆ మాస్టు దేని ఆధారంగా నిలబడి ఉన్నది? ముందు వెళ్లి తీగలు బిగించి రండి.

గాలివాటం:
మీరు అడిగేవరకు నాకు ఆ ఆలోచనే రాలేదు. ముందు వెనుకలవి రెండు, పక్కలవి రెండు బిగించి, చీలలను కూడా చేతితో తిరిగి దూర్చి వచ్చాను.

శబ్దప్రేమి:
సమస్యలోకి వెళ్లే ముందు ఒక్క మాట. మాస్టు అనవలసిన అవసరం మనకు లేదు. అమరకోశంలో ‘కూపకో గుణవృక్షకః’ అని స్పష్టంగా ఉన్నది. గుణమంటే తాడు, కాబట్టి గుణవృక్షమంటే తాళ్లు కట్టే చెట్టు. ఇంతకన్నా చక్కని మాట మరే భాషలోనైనా దొరుకుతుందా? రెండవ శతాబ్దంలోనే శాతవాహనుల నాణేల మీద రెండు కూపకాల ఓడలను ముద్రించుకున్న జాతి, ఈనాడు ఆ వస్తువును పరాయి పేరుతో పిలుచుకోవడం విచారకరం.

ముక్తసరి:
క్రేను మనిషికి గుణవృక్షమంటే అర్థం కాదండీ.

కోరంగివాడు:
గాలివాటం గారూ, మీరు అసలు సంగతులేవీ చెప్పలేదు. పడవ ఎక్కడ ఉన్నది, ఎంత పొడవు, మాస్టు గట్టి దుంగా లేక లోపల బోలుగా ఉన్నదా, ఏ కర్ర, పుచ్చు ఎంత ఎత్తు వరకు పాకింది? డెక్కును దాటి పడవ అడుగుదాకా దిగే మాస్టు అని మీ చీలలను బట్టి ఊహిస్తున్నాను.

గాలివాటం:
ఇవన్నీ చెప్పాననే అనుకున్నాను, క్షమించండి. మేరీలాండులో చెసాపీక్ అఖాతం ఒడ్డున ఉన్నాము. 1962 నాటి 28 అడుగుల పడవ. మాస్టు స్ప్రూస్ అనే తేలిక కర్రతో పెట్టెలాగా అతికించినది, బోలు, 36 అడుగులు, ముందునుండి వెనుకకు 5 అంగుళాలు. మీరు ఊహించినట్లే పడవ అడుగున ఒక గాడిలో కూర్చుంటుంది. అక్కడినుండి డెక్కు 66 అంగుళాల ఎత్తులో ఉన్నది. కింది 14 అంగుళాలలో స్క్రూడ్రైవరు పిడిదాకా దిగిపోతున్నది. బయటికి లాగితే దాని మొనకు గోధుమరంగు పొడి, చిన్న చిన్న ఘనాలుగా విరిగిన ముక్కలు, పుట్టగొడుగుల వాసన.

శబ్దప్రేమి:
అట్లయితే అది పుచ్చు కాదు, కుళ్లు. పుచ్చడమంటే పురుగు తొలవడం.

కోరంగివాడు:
ఈసారి శబ్దప్రేమి గారి మాట పనికివచ్చేదే, ఎందుకంటే పురుగుకూ బూజుకూ మందు వేరు. ఇది బూజు చేసిన పని. దీనికి సముద్రపు నీరు కారణం కాదు, వాననీరు కారణం. ఉప్పునీటిలో ఈ బూజు పెరగజాలదు. కర్రలో తేమ 20 శాతం లోపల ఉన్నంతకాలం మంచినీటితోనూ ప్రమాదం లేదు. అయితే మాస్టు కొసన కప్పీ గాడి నుండి, మేకుల రంధ్రాల నుండి దిగిన వాన చుక్క బోలు గుండా కిందికి జారి, అడుగున పారుదల రంధ్రం మూసుకుపోయి ఉంటే అక్కడే నిలుస్తుంది, కర్ర కొస ముఖం దానిని వత్తిలాగా పీల్చుకుంటుంది. కొత్త ముక్క వేసినా ఆ రంధ్రం తెరవకపోతే మళ్లీ ఇదే కథ.

ఇక కదలకపోవడం గురించి. అడుగు గాడిలో దిగిన కుసికి (మాస్టు కింది కొసకు) అడ్డంగా ఒక బోల్టు దూర్చే అలవాటు చాలా పడవలలో ఉన్నది. క్యాబిన్ నేల పలకలు ఎత్తి, లాంతరు పెట్టి చూడండి. అది తీయకుండా క్రేనుతో లాగితే పడవే లేస్తుంది మరి. అన్నట్లు, మాస్టులోపల దీపాల తీగ ఉంటే దానిని కూడా విడదీశారా?

గాలివాటం:
ఉన్నది! మురికినీటి కింద, పచ్చగా చిలుము పట్టిన కంచు బోల్టు. దీపాల తీగ సంగతి మరచిపోయాను, ఇప్పుడే విడదీశాను. బోల్టుకు నూనె పోసి వదిలాను. ఇక అసలు ప్రశ్న: మాస్టు మొత్తం మార్చాలా, కింది ముక్క అతికితే సరిపోతుందా? దగ్గరలో టేకు దొరుకుతున్నది.

కోరంగివాడు:
టేకు వద్దు. మా తాళ్లరేవు వైపు పడవల పొట్టకు టేకును మించినది లేదంటారు, కాని ఘనమీటరుకు 650 కిలోలు తూగే కర్రను అంత ఎత్తున నిలబెడితే గాలికి పడవ మరింత ఒరుగుతుంది. స్ప్రూస్ 400 పైచిలుకు మాత్రమే. పైభాగమంతా చెక్క సుత్తితో తట్టి చూడండి. టంగుమంటే బాగున్నట్లు, బొదబొదమంటే కాదు. బాగుంటే కింది ముక్క ఏటవాలుగా అతికితే చాలు. మందానికి ఎనిమిది రెట్ల పొడవు, అంటే 40 అంగుళాల అతుకు.

కొలబద్ద:
మాస్టుకు పన్నెండు రెట్లు ఉండాలి, 60 అంగుళాలు.

కోరంగివాడు:
లెక్క వేయండి. 14 అంగుళాల కుళ్లు, దానిపైన మంచి కర్రలోకి మరో 6 కోస్తే అతుకు 20వ అంగుళం దగ్గర మొదలవుతుంది. ఎనిమిది రెట్లయితే 60 దగ్గర ముగుస్తుంది, డెక్కుకు 6 అంగుళాల కింద. పన్నెండు రెట్లయితే 80కి చేరుతుంది, సరిగ్గా మాస్టు అన్నిటికన్నా ఎక్కువగా వంగే డెక్కు రంధ్రం అతుకు మధ్యలో పడుతుంది.

కొలబద్ద:
అందుకే కొత్త ముక్కను డెక్కు పైదాకా తీసుకుపోయి, అతుకంతా పైనే వేయాలి. అయినా డెక్కుకు 6 అంగుళాల ఎడం ఒక ఎడమా? రిసార్సినాల్ జిగురు వాడండి, ఎపాక్సీ జిగురు ఎండకు మెత్తబడుతుంది.

కోరంగివాడు:
వార్నిషు వేసిన లేతరంగు కర్ర అంత వేడెక్కదు. రిసార్సినాల్‌కు వెంట్రుక దూరనంత బిగువైన అతుకు, కనీసం 21 డిగ్రీల వేడి, బలమైన బిగింపు కావాలి. మొదటిసారి చేసేవారి అతుకులో సందులు ఉంటాయి, వాటిని ఎపాక్సీ నింపుతుంది.

శబ్దప్రేమి:
అతుకుకు ‘సంధి’ అన్న మాట ఉన్నది కదా.

ముక్తసరి:
రేపు క్రేను పట్టీని అడ్డకొమ్మల (మాస్టుకు పైన అడ్డంగా ఉండి తీగలను ఎడంగా ఉంచే కర్రల) కింద వేయండి. దానినుండి ఒక తాడు మాస్టు అడుగుకు కట్టండి, లేకపోతే పట్టీ పైకి జారుతుంది.

గాలివాటం:
మాస్టు దిగింది, పది నిమిషాల పని అయింది. ప్రస్తుతం రెండు చెక్క స్టాండ్ల మీద పడుకోబెట్టాను. 22వ అంగుళం దగ్గర కూడా తట్టితే బొదబొదమంటున్నది, ఇంకా ఏమీ కోయలేదు. అందరికీ ధన్యవాదాలు.

కొలబద్ద:
22 అయితే, పైన 6, అతుకు 40 కలిపి 68, ఎనిమిది రెట్ల లెక్క కూడా డెక్కును తాకుతుంది. కోరంగివాడు గారు ఏమంటారు?