ఫ్రాన్స్‌లో నదుల పక్కన సైకిల్ టూర్: కార్లు తక్కువ, ఎక్కుడు తక్కువ ఉన్న దారి ఏది?

ప్రశ్న: తులూజ్ తమ్ముడు

అందరికీ నమస్తే. నేను తులూజ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. జూన్‌లో మా చెల్లి హైదరాబాద్ నుంచి వస్తోంది. ఇద్దరం మూడు రోజులు సైకిళ్ల మీద తిరుగుదామని ఆలోచన. తను ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు ఉన్న ట్రాక్ మీద తొక్కుతుంది కాబట్టి యాభై కిలోమీటర్లు పెద్ద లెక్క కాదు. కానీ ఘాట్ ఎక్కిన అలవాటు లేదు, పక్క నుంచి కార్లు దూసుకుపోతే టెన్షన్ పడుతుంది. ఇక్కడ ఆఫీసులో ఎవరిని అడిగినా దోర్దోన్ నది లోయకి వెళ్లమంటున్నారు. అదే మంచిదా? ఇంకో మాట, తను శాకాహారి.

గేర్ల బాబాయి

తమ్ముడూ, దోర్దోన్ అందంగానే ఉంటుంది, కాదనను. కానీ అక్కడి సార్లా ఊరి చుట్టుపక్కల కోటలన్నిటికీ టూరిస్టు కార్లు వెళ్లేది నది పక్క రోడ్ల మీదే. చెల్లికి కార్లంటే భయం అన్నావు కాబట్టి నా ఓటు దక్షిణాన ఉన్న సేలే నదికి. సేలే అంటే లాట్ నదిలో కలిసే చిన్న ఏరు. ఫిజాక్ ఊరి నుంచి కొందుషే దగ్గర సంగమం వరకు దాని వెంబడే డి 41 అనే రోడ్డు ఉంది. దూరం యాభై కిలోమీటర్ల లోపే. ఒక పక్క సున్నపురాయి కొండ గోడలా నిలబడి ఉంటుంది, ఇంకో పక్క ఏరు, మధ్యలో వాల్‌నట్ తోటలు. పెద్ద ఊళ్లు లేవు కాబట్టి లారీలకి ఆ దారిలో పెద్దగా పని లేదు. ఆదివారాలు మోటార్‌సైకిళ్ల గుంపులు వస్తాయి, అంతే.

అక్కడి నేల సంగతి ఒక్కటి అర్థమైతే రూటు నువ్వే వేసుకోవచ్చు. పైనంతా కోస్ అని పిలిచే రాతి పీఠభూమి. నదులు దాన్ని కోసుకుంటూ లోతుగా దిగిపోయాయి. కాబట్టి నది వెంబడి ఉన్నంతసేపు దాదాపు చదునే. ఒక లోయ నుంచి ఇంకో లోయకి దాటాలంటే మాత్రం పైకెక్కి మళ్లీ దిగాల్సిందే. ఆ ఎక్కుడు నూట యాభై, రెండు వందల మీటర్లు ఉంటుంది. తిరుమల కొండ ఎత్తులో మూడో వంతు కూడా కాదు, కానీ సామాన్లున్న సైకిల్‌తో అదీ తక్కువేం కాదు.

తులూజ్ తమ్ముడు

థాంక్యూ బాబాయ్. ఫిజాక్ దాకా సైకిళ్లతో రైల్లో వెళ్లొచ్చా? మళ్లీ వెనక్కి ఎలా?

గేర్ల బాబాయి

నీకు అదే కలిసొచ్చేది. తులూజ్ నుంచి ఫిజాక్‌కి ప్రాంతీయ రైలు ఉంది, నజాక్, కాప్దనాక్ మీదుగా వెళ్తుంది. తిరుగు ప్రయాణం లాట్ నది ఒడ్డునున్న కావోర్ ఊరి నుంచి, రైల్లో గంటకు కాస్త పైన. రెండూ వేరే వేరే లైన్లు కాబట్టి వెళ్లిన దారిలో వెనక్కి తొక్కక్కర్లేదు. ఒక జాగ్రత్త. టికెట్ యాప్‌లో కొన్ని సర్వీసుల పక్కన ‘ఓతోకార్’ అని కనిపిస్తుంది, అది రైలు కాదు, బస్సు. అందులో సైకిల్ ఎక్కించుకుంటారని నమ్ముకోవద్దు. పారిస్ నుంచి కావోర్ వచ్చే దూరప్రాంత ఇంటర్‌సిటే రైళ్లయితే సైకిల్‌కి ముందే రిజర్వేషన్ చేయించాలి. పారిస్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే గుర్తుంచుకోండి.

వెన్నెలదారి

బాబాయి గారు చెప్పినదానికి నాదో చిన్న అభ్యంతరం. డి 41 బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ కొందుషే దాటి లాట్ నది పక్కకి వచ్చాక కావోర్ వరకు ఉన్న ముక్క గురించి ఎవరూ చెప్పరు. ఉత్తరపు ఒడ్డున డి 662 మీద కార్లు బాగానే తిరుగుతాయి. వెర్ దగ్గర డి 653 వచ్చి కలిశాక ఇంకా పెరుగుతాయి. భయస్తులకి అది నచ్చదు. కార్లే వద్దనుకుంటే కావోర్ నుంచి పడమరగా దిగే వి 86 చూడండి. లాట్ వెళ్లి గరోన్ నదిలో కలిసే ఎగ్వియోన్ దాకా బోర్డులు పెట్టిన సైకిల్ మార్గం అది. లూజెక్ దగ్గర నది పెద్ద మెలిక తిరుగుతుంది, ఆ తర్వాత ప్యూయి లెవెక్ వరకు అంతా ద్రాక్షతోటలే. కావోర్ వైన్ అంటారే, మాల్బెక్ ద్రాక్షతో చేసేది, అది ఇక్కడిదే. చిన్న పల్లె రోడ్లే ఎక్కువ, మధ్యమధ్యలో మిట్టలు తగులుతాయి.

గేర్ల బాబాయి

అమ్మా, ఆ ముక్క సంగతి నిజమే. అందుకే దాన్ని పొద్దున్నే దాటేయమంటాను, ఎనిమిది లోపు. వి 86 ప్రశాంతమైన దారే, కానీ కొండలోయ చూడాలని వచ్చినవాళ్లకి లోయ అక్కడికి వెడల్పైపోతుంది. మొదటిసారి వచ్చే పిల్ల సేలే చూడకుండా వెళ్లిపోవడం నాకు మనసొప్పదు.

తమ్ముడూ, నేనైతే గురువారం పొద్దున రైల్లో ఫిజాక్ వెళ్తాను. ఈజిప్టు రోసెట్టా శాసనాన్ని చదివిన షాంపొల్యోఁ 1790లో పుట్టింది ఆ ఊళ్లోనే. ఒక చిన్న చౌకు నేలంతా ఆ శాసనం నకలే, పెద్ద నల్లరాతి పలకలతో పరిచారు, దాని మీద నడవొచ్చు. అది చూసి మర్సియాక్ వరకు తొక్కితే సుమారు ముప్పై కిలోమీటర్లు. దారిలో ఎస్పాన్యాక్ దగ్గర వంతెన దాటి లోపలికి వెళ్లండి, పాత మఠం ఉంటుంది. బ్రెంగ్ దగ్గర తలెత్తితే కొండచరియలో గుహకి అడ్డంగా కట్టిన రాతిగోడలు కనిపిస్తాయి. వాటిని ఇంగ్లీషువాళ్ల కోటలంటారు, ఫ్రాన్స్, ఇంగ్లండ్ మధ్య జరిగిన నూరేళ్ల యుద్ధం నాటి పేరు. మర్సియాక్‌లో సగం కూలిన మఠం పక్కనే బస చూసుకోవచ్చు.

రెండో రోజు కాబ్రెరే, అక్కడి నుంచి పెష్ మెర్ల్ గుహ. చుక్కల గుర్రాల బొమ్మలు, చేతి ముద్రలు, ఇరవై వేల ఏళ్లకు పైబడినవి, అసలువే, నకళ్లు కాదు. అందుకే రోజుకి 700 మందినే పంపుతారు, టికెట్ ముందే తీసుకోవాలి. కాబ్రెరే నుంచి గుహ వరకు ఎక్కుడు గట్టిగానే ఉంటుంది. సామాన్లు కింద బసలో పెట్టి వెళ్లండి, లేదంటే నెట్టుకుంటూ నడవండి, సిగ్గేం లేదు. లోపల చల్లగా ఉంటుంది, చెమటతో వెళ్తే వణుకు పుడుతుంది, పొడి చొక్కా ఒకటి ఉంచుకోండి.

సాయంత్రానికి బూజియెస్ దాటి సాఁ సిర్ లపోపీ. నదికి వంద మీటర్ల పైన కొండ అంచున ఉన్న ఊరు. పగలు జనం కిక్కిరిసి ఉంటారు, ఐదున్నర తర్వాత వెళ్తే ఊపిరాడుతుంది. బూజియెస్ దగ్గర నది పక్కన కొండని తొలిచి చేసిన పాత బాట ఉంది, పడవల్ని తాళ్లతో లాగేవాళ్లు నడిచిన దారి. జీపీఎస్ దాన్ని సైకిల్ దారిగా చూపించినా అది నడిచేవాళ్లదే, దిగి నెట్టుకుంటూ వెళ్లాలి. మూడో రోజు శనివారం, పొద్దున్నే బయల్దేరితే కావోర్‌కి ముప్పై కిలోమీటర్ల లోపే. వాలాంత్రే వంతెన చూసి రైలెక్కండి.

గోదారి గాలి

శనివారం కావోర్ చేరడంలో ఇంకో లాభం ఉంది, ఆ పొద్దున కెథడ్రల్ ముందు సంత జరుగుతుంది. ఇక తిండి సంగతి చెప్తాను, ఎందుకంటే ఈ లోయలో శాకాహారికి కొండలకన్నా అదే కష్టం. ఇది బాతు మాంసం దేశం. ఆలుగడ్డలు కూడా బాతు కొవ్వులో వేయిస్తారు. సలాడ్ అన్నారు కదా అని ధైర్యంగా చెప్పేస్తే పైన బాతు కందనకాయలు చల్లి తెస్తారు. ‘సాఁ వియాండ్, సాఁ గ్రెస్ ద కనార్’ అని చెల్లికి బట్టీ పట్టించండి, మాంసం వద్దు, బాతు కొవ్వు వద్దు అని. ఆమ్లెట్, మేక పాలతో చేసే రొకమడూర్ చీజ్, వాల్‌నట్లు, బ్రెడ్ మాత్రం ఎక్కడైనా బాగుంటాయి.

షాపులు మధ్యాహ్నం పన్నెండున్నరకి మూసేస్తే మళ్లీ మూడున్నర, నాలుగింటికి గానీ తెరవరు. సేలే లోయలో చాలా పల్లెల్లో అసలు షాపే ఉండదు. ఫిజాక్‌లోనే రెండు పూటలకి సరిపడా కొనుక్కోండి. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం మరీ ఘోరం, బాబాయి గారు గురువారం మొదలుపెట్టమన్నది మంచి లెక్క. చెల్లి సామాన్లో ఓ పులిహోర పేస్ట్ సీసా ఉంటే గీత్‌లో బియ్యం వండుకుని బతికిపోవచ్చు. గీత్ అంటే నడక యాత్రికుల బసలు, చాలాచోట్ల వంటగది వాడుకోనిస్తారు. స్పెయిన్‌లోని సాంతియాగోకి నడిచే క్రైస్తవ యాత్రికుల దారి ఫిజాక్ మీదుగా పోతుంది, దాని పాయ ఒకటి సేలే వెంబడే ఉంది, అందుకే అంత చిన్న ఊళ్లలోనూ పడకలు దొరుకుతాయి. కానీ జూన్‌లో ముందే ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలి.

తులూజ్ తమ్ముడు

అక్కా, పులిహోర పేస్ట్ ఇప్పుడే లిస్టులో రాశాను. మంచినీళ్లు ఎలా? ఇంకా, ఏ రోడ్డులో ఎంత ఎక్కుడో ముందే తెలుసుకునే ఉపాయం ఉందా?

వెన్నెలదారి

నీళ్లకి ఊరి శ్మశానం చూడండి. నవ్వకండి, ఫ్రాన్స్ పల్లెల్లో సమాధుల మీది పూలకి నీళ్లు పోయడానికి అక్కడ కుళాయి ఉంటుంది, సైకిల్ వాళ్లందరికీ తెలిసిన సంగతే. ‘నాఁ పొతాబ్ల్’ అని బోర్డుంటే మాత్రం తాగకూడదు. పైన కోస్ మీదికి వెళ్తే సీసాలు నింపుకునే ఎక్కండి. వాన నీరంతా సున్నపురాతిలోకి ఇంకిపోతుంది, పైన వాగు కూడా కనపడదు.

ఎక్కుడు తెలియాలంటే కాగితం మిషెలిన్ మ్యాప్ కొనండి, జిల్లాలవారీగా ఉండేది. రోడ్డు మీద చిన్న బాణం గుర్తులుంటాయి, అవి ఎక్కే వైపు చూపిస్తాయి. ఒక బాణం అంటే 5 నుంచి 9 శాతం, రెండైతే 9 నుంచి 13, మూడైతే అంతకు మించి. రెండు బాణాలున్న రోడ్డుకి చెల్లిని తీసుకెళ్లొద్దు. తెల్ల గీతల రోడ్లు చిన్నవి, ఎరుపువి ముట్టుకోకండి. లోయలో ఫోన్ సిగ్నల్ పోయే చోట్లుంటాయి, కాగితం మ్యాప్ అక్కడ అక్కరకొస్తుంది.

గేర్ల బాబాయి

కార్ల భయానికి ఒక మాట. ఊరి బయట సైకిల్‌ని దాటే కారు కనీసం ఒకటిన్నర మీటర్ ఎడం ఇవ్వాలని ఇక్కడ చట్టం. పల్లెల్లో చాలామంది పాటిస్తారు, వంపుల్లో వెనకే ఓపిగ్గా వస్తారు. మనం కంగారుపడి పక్క మట్టిలోకి దిగిపోకూడదు. చీకట్లో, పొగమంచులో ఊరి బయట తొక్కితే మెరిసే జాకెట్ తప్పనిసరి. ఊళ్లలో గుర్తులేమీ లేని కూడలి వస్తే కుడి పక్క నుంచి వచ్చే బండికే ముందు దారి, చెల్లికి ఇది గట్టిగా చెప్పు. సైకిల్ అద్దెకి తీసుకుంటుంటే ఎక్కుడు తేలికవడానికి వెనక పెద్ద పళ్లచక్రం 34 పళ్లది ఉందో లేదో అడుగు.

తులూజ్ తమ్ముడు

సరే బాబాయ్. గురువారం ఫిజాక్ టికెట్లు చూస్తున్నాను, గుహ టికెట్ శుక్రవారం మధ్యాహ్నం రెండు తర్వాతికి తీసుకుంటే సరిపోతుందా?

గేర్ల బాబాయి

వద్దు, పొద్దుటిది తీసుకో. మర్సియాక్ నుంచి కాబ్రెరే పదిహేను కిలోమీటర్లే, ఎండ ముదరకముందే ఆ ఎక్కుడు అయిపోతుంది.