జుమ్మెరాత్ బజార్ కెమెరాలో పాత రీలు: ఎక్కడ కడిగించాలి?

ప్రశ్న: మొన్న హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో యాషికా ఎంఎఫ్-2 అనే పాత రీలు కెమెరా కొన్నాను. ఇంటికొచ్చి వెనక మూత తీస్తే లోపల రీలు ఉంది! గాభరాపడి వెంటనే మూసేశాను. అంతకుముందు ఫొటోల లెక్క చూపే కౌంటర్ 20 దాటి ఉన్నట్టు గుర్తు. మొత్తం పోయినట్టేనా? వీధి చివర కలర్ ల్యాబ్‌లో ఇవ్వనా?

పాత స్టూడియో (గ్రూపులో ఒక పాత ఫొటోగ్రాఫర్): మొత్తం పోదు బాబూ. తీసిన ఫొటోలు కుడివైపు బిగుతుగా చుట్టుకుని ఉంటాయి. వెలుగు తగిలింది పై చుట్లకే, అంటే చివర తీసినవాటికి. ఇక మూత ముట్టుకోకు. అడుగున బటన్ నొక్కి రివైండ్ పిడి మెల్లగా తిప్పు, పాత ఫిల్మ్ పెళుసుగా ఉంటుంది. పిడి ఒక్కసారిగా తేలికైతే రీలు డబ్బాలోకి వెళ్లిపోయినట్టు. అప్పుడు తీసి డబ్బా మీద ఏముందో చెప్పు. అంతవరకూ ఏ ల్యాబ్‌కీ ఇవ్వకు.

ప్రశ్న వేసినవారు: ‘ఓర్వో ఎన్‌పీ 22’ అని ఉంది సార్.

పాత స్టూడియో: భలే! తూర్పు జర్మనీ, వోల్ఫెన్ సరుకు. ఆ దేశమే 1990లో లేకుండా పోయింది. మా రోజుల్లో పెళ్లిళ్లకి ఇవే వాడేవాళ్లం. ఇది బ్లాక్ అండ్ వైట్. కలర్ ల్యాబ్‌లో నడిచేది సీ-41, అంటే కలర్ ఫిల్మ్ కడిగే పద్ధతి. అందులో వెండిని కరిగించేసి రంగులు మాత్రం మిగులుస్తారు. దీంట్లో బొమ్మంటేనే వెండి, ఇక మిగిలేదేముంది?

మరో సభ్యుడు: నిజం అన్నా. నాన్నగారి రీలు ఒకటి అలాగే ఇచ్చి, గాజుముక్కలా ఖాళీగా తెచ్చుకున్నాను. ఇంట్లో ఇప్పటికీ ఆ మాట ఎత్తను.

ప్రశ్న వేసినవారు: అయితే నేనే కడుగుతాను. ఎర్ర బల్బు సరిపోతుందా?

పాత స్టూడియో: వద్దు, అది ఫొటోలు ప్రింట్ చేసే పేపర్‌కి. ఈ ఫిల్మ్‌కి ఎరుపు కూడా కనిపిస్తుంది, కాబట్టి పూర్తి చీకటి కావాలి. లేకపోతే చేంజింగ్ బ్యాగ్, అంటే చేతులు దూర్చి పనిచేసే, వెలుగు చొరని సంచి. ఏళ్ల తరబడి మన ఎండలకి ఫిల్మ్ మొత్తానికీ మసక పట్టి ఉంటుంది. అందుకే మసక తక్కువ తెచ్చే హెచ్‌సీ-110 డెవలపర్ (బొమ్మను తేల్చే మందు) వాడు, 1:31 పాళ్లలో, అంటే ఒక వంతు మందుకి 31 వంతుల నీళ్లు. నీళ్లు 20 డిగ్రీలు ఉండాలి. ఇప్పుడు కుళాయి నీళ్లే 30 దాటతాయి, సీసాని ఐస్ గిన్నెలో పెట్టు. ఒకేసారి మొత్తం వేయొద్దు. రీలు మొదట్లో సన్నగా కత్తిరించి ఉండే నాలుక దాటాక, చీకట్లోనే జానెడు ముక్క కత్తిరించి 7 నిమిషాలు కడిగి చూడు. కొన్ని ఫొటోలు పోతాయి, పోనీ. బొమ్మ పలచగా ఉంటే మిగతాదానికి టైం పెంచు, అంతా నల్లబడితే తగ్గించు. తర్వాత హైపోలో (బొమ్మను నిలబెట్టే మందులో) ఫిల్మ్ తేటపడటానికి పట్టిన టైముకి రెట్టింపు ఉంచు. ఒకవేళ అంచున అంకెలు వచ్చి మధ్యలో ఏమీ లేకపోతే తప్పు నీది కాదు, కెమెరా వాడినవాళ్లు ఏమీ తీయలేదన్నమాట, లేదా బొమ్మ ఎప్పుడో చెరిగిపోయింది.

ప్రశ్న వేసినవారు (పది రోజుల తర్వాత): ముక్క పలచగా వచ్చింది సార్, మిగతాది 9 నిమిషాలు ఉంచాను. 11 బొమ్మలు తెలుస్తున్నాయి! ఎవరిదో వరండా, బొంగరంతో ఒక పిల్లాడు, నవ్వుతూ మొహం తిప్పుకున్న ఒకావిడ. చివరి ఆరూ నేను మూత తీసినందుకు నల్లగా అయిపోయాయి. స్కానర్ లేదు, ఏం చేయను?

పాత స్టూడియో: ట్యాబ్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి, నెగటివ్‌ని దానికి రెండంగుళాల పైన పట్టి ఫోన్‌తో తీయి. ఆనిస్తే స్క్రీన్ చుక్కలు పడతాయి. తర్వాత ఫోన్‌లో రంగులు తిరగెయ్యి, నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా. ఆ బొంగరం పిల్లాడి ఫొటో ముందు పెట్టు.