శాంటా ఫే వేసవి సంతలు: అమ్మతో వెళ్తున్నాము, అనుభవం ఉన్నవారు చెప్పగలరు

ఎడారిమల్లె, ఫీనిక్స్:
ఆగస్టులో జరిగే ఇండియన్ మార్కెట్‌కు (అమెరికా ఆదివాసీ కళాకారుల సంత) మా అమ్మను తీసుకుని న్యూ మెక్సికోలోని శాంటా ఫే వెళ్లాలనుకుంటున్నాము. ఆమెకు డెబ్బై ఒకటో ఏడు, మోకాళ్ల నొప్పులు, పూర్తి శాకాహారి. కారు ఎక్కడ ఆపుకోవాలి, ఆమె అక్కడ ఏమి తినగలదు, ఒక మంచి వెండి కడియం కొనాలంటే ఏమి చూసుకోవాలి, అక్కడి ఆపెరా (పాటలతో సాగే నాటకం) ఆమెకు నచ్చుతుందా? దయచేసి చెప్పండి.

గుట్టమీది ఇల్లు, లాస్ ఆలమోస్:
మనవాళ్లు మూడు వేర్వేరు సంతలను కలిపేసి మాట్లాడడం ఇక్కడ చాలా ఏళ్లుగా ఉంటున్న నాకు కష్టంగా ఉంటుంది. జూలైలో జరిగే అంతర్జాతీయ జానపద కళల సంత 2004లో మొదలైంది. దానికి టికెట్ ఉంటుంది, మన దేశపు చేతిపనివారు కూడా వస్తారు. స్పానిష్ మార్కెట్‌లో చెక్కపై మలిచిన క్రైస్తవ పునీతుల బొమ్మలు, తగరపు పని కనిపిస్తాయి. 1922లో మొదలైన ఇండియన్ మార్కెట్ మాత్రం పూర్తిగా ఆదివాసీ కళాకారులది, ఊరి నడిబొడ్డున ఉన్న ప్లాజా చుట్టూ వీధుల నిండా వారి పందిళ్లే ఉంటాయి. ఊరు సుమారు ఏడు వేల అడుగుల ఎత్తున ఉంది కాబట్టి అమ్మగారిని మొదటి రోజు ఎక్కువగా నడిపించకండి, నీళ్లు తాగిస్తూ ఉండండి.

డాలస్ బాబాయ్:
అమ్మా, నా మాట విని ఆదివారం మధ్యాహ్నం వెళ్లండి. సర్దుకునే వేళకు సరుకు వెనక్కి మోసుకెళ్లడం ఎవరికీ ఇష్టం ఉండదు. మూడు వందల డాలర్లు చెప్పిన కడియాన్ని నేను నూట తొంభైకి తెచ్చుకున్నాను. అడగనిదే అమ్మయినా పెట్టదు.

ఆసు పోసిన చేతులు, భువనగిరి:
బాబాయ్ గారూ, మీ మాట చదివాక ఊరుకోలేకపోయాను. మాది పోచంపల్లి దగ్గర చేనేత కుటుంబం. ఒక చీరకు ఆసు పోయడానికి, అంటే చట్రం మేకుల చుట్టూ నూలు చుట్టడానికి, మా అమ్మ చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరిగేది, రాత్రికి భుజం పైకి లేచేది కాదు. అలాంటి చీరను ముందు పెట్టుకుని మా గుమ్మంలోనే సగం ధరకు అడిగినవారిని చూశాను. బంగారు దుకాణంలో తరుగు, మజూరీ ఎంత వేసినా నోరెత్తకుండా కట్టేవాళ్లం, చేసిన మనిషి ఎదురుగా కూర్చుంటే మాత్రం బేరం మొదలుపెడతాము. ఆ కళాకారుడు మీకు నూట పది డాలర్లు తగ్గించింది సంతోషంతో కాదు, ఇంటికి తిరిగి వెళ్లే పెట్రోలు ఖర్చు కోసమై ఉంటుంది.

డాలస్ బాబాయ్:
నాకు నీతులు అవసరం లేదు. మొదటిసారి వెళ్లినప్పుడు ప్లాజా దగ్గర ఒక దుకాణంలో అడిగిన ధరకే టర్కాయిస్ అనే నీలిరంగు రాయి హారం కొన్నాను. ఇంటికి వచ్చి చూపిస్తే అది రాయే కాదు, రంగు కలిపిన ప్లాస్టిక్ అన్నారు. మా ఆవిడ దాన్ని మళ్లీ మెడలో వేసుకోలేదు. మోసపోయినవాడు జాగ్రత్తగా ఉంటే తప్పా?

వెండిపని, ఆల్బుకర్కీ:
నేను ఎనిమిదేళ్లు వెండిపని చేశాను కనుక ఈ విషయం నాకు వదిలేయండి. ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. మన వైపు ఫిరోజా అనే ఈ రాయి చాలావరకు మెత్తగా ఉంటుంది, అందుకే జిగురు పట్టించి గట్టిపరుస్తారు. అది మోసం కాదు, చెప్పి అమ్మాలి అంతే. పూర్తి ప్లాస్టిక్ ముద్దను, రంగు వేసిన తెల్లరాయిని టర్కాయిస్ అని అమ్మడమే మోసం. ఆదివాసీల పని కాని దాన్ని వారి పని అని అమ్మితే 1990 నాటి చట్టం ప్రకారం తొలి నేరానికే ఐదేళ్ల వరకు జైలు ఉంటుంది. సంత రోజుల్లో కాకపోయినా, ప్లాజా పక్కనే ఉన్న గవర్నర్ల పాలెస్ అనే పాత భవనం వసారాలో దుప్పటి పరుచుకుని కూర్చునే ఆదివాసీ కళాకారుల దగ్గర కొనండి. అక్కడ తమ ఇంటివాళ్లు చేసినదే అమ్మాలి, వస్తువు మీద చేసినవారి గుర్తు ఉండాలి. చోటుకు మించి అమ్మేవాళ్లు వస్తే పొద్దున్నే చీట్లు తీస్తారు.

ఆసు పోసిన చేతులు, భువనగిరి:
దుకాణం చేసిన మోసానికి, పందిట్లో కూర్చున్న కళాకారుడి దగ్గర వసూలు చేసుకోవడం ఏ న్యాయం? మాకు జరిగిందీ ఇదే. ఇక్కత్ డిజైన్లు అచ్చు వేసిన చీరలు పోచంపల్లి పేరుతో అమ్ముడవుతాయి, మోసపోయినవారు వచ్చి నేతగాణ్ణి అనుమానిస్తారు. కిందటేడు మా అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడు ఆ ఇండియన్ మార్కెట్‌లో ఒక ఆదివాసీ పెద్దావిడ కుండల ముందు చాలాసేపు నిలబడ్డాను. వాళ్లు సారె వాడరు, మట్టిని తాడులా పేని చుట్లు చుట్టి ఎత్తుతారు. మెరుగు పెట్టే నున్నని రాయిని ఆవిడ నా అరచేతిలో పెట్టి, అది తన అమ్మమ్మదని చెప్పింది. ఒక వైపు వేలు ఆనేచోట ఆ రాయి గుంటపడింది. నాకు మా ఇంటి ఆసు చట్రం మీద అరిగిన మేకులు గుర్తొచ్చాయి.

సంగీతాభిమాని, హ్యూస్టన్:
ఆపెరా గురించి ఎవరూ చెప్పలేదు. 1957లో మొదలైన ఆ ఆపెరా వారి రంగస్థలానికి పైకప్పు ఉన్నా పక్కలు తెరిచే ఉంటాయి, దూరాన కొండల మీద మెరుపులు కనిపిస్తుంటాయి. రాత్రి చలి వేస్తుంది, శాలువా తప్పనిసరి. ఆట ముందు కార్లు ఆపుకునే చోటే బల్లలు వేసుకుని భోంచేయడం అక్కడి ఆచారం. మేము పులిహోర, పెరుగన్నం తీసుకెళ్లాము. పాడే మాటలు సీటు ముందున్న చిన్న తెర మీద వస్తాయి.

వెండిపని, ఆల్బుకర్కీ:
ఆపెరా కన్నా జొజోబ్రా చూడాలి. 1924 నుంచి ఏటా కాలుస్తున్న పెద్ద బొమ్మ అది, జనం తమ దుఃఖాలు కాగితాల మీద రాసి అందులో వేస్తారు. అయితే అది సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డేకు ముందు శుక్రవారం, మీ సంత రోజుల్లో కాదు.

ఎడారిమల్లె, ఫీనిక్స్:
అందరికీ కృతజ్ఞతలు. ధర తగ్గించమని అడగను. కానీ కారు, అమ్మ భోజనం సంగతి ఇంకా తేలలేదు.

గుట్టమీది ఇల్లు, లాస్ ఆలమోస్:
ప్లాజా దగ్గర చోటు దొరకదు, కారు ఊరి బయటే ఆపి బస్సులో రండి. మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన రావచ్చు కనుక అమ్మగారికి పొద్దున్నే చూపించేయండి. ఇక భోజనం: చిక్కుడు గింజలలో పందికొవ్వు, పచ్చిమిర్చి పులుసులో మాంసం కలుస్తాయేమో ముందే అడగాలి. గుమ్మడి జాతి కాయ, మొక్కజొన్న కలిపి వండే కలబసీటాస్ ఆమెకు బాగుంటుంది. సోపపియా అనేది మన పూరీ లాగానే పొంగుతుంది, తేనె పోసి ఇస్తారు.