థాయ్‌లాండ్ చేతిలో 0-2: సన్నాహక మ్యాచే కదా అని వదిలేద్దామా?

గచ్చిబౌలి గ్యాలరీ (అభిమానుల ఫోరం, జూన్ 5, 2025)
నిన్న థాయ్‌లాండ్‌లోని థమ్మసాత్ స్టేడియంలో మన భారత ఫుట్‌బాల్ జట్టు 0-2తో ఓడింది. 8వ నిమిషంలో బెంజమిన్ డేవిస్, 59లో పొరమెట్ అర్జ్‌విరాయ్. జూన్ 10న హాంకాంగ్‌లో ఆసియా కప్ క్వాలిఫయర్ ఉంది. మార్చి 25న మన గ్రూపులో రెండు మ్యాచ్‌లూ 0-0గా ముగిశాయి కాబట్టి మనం, బంగ్లాదేశ్, సింగపూర్, హాంకాంగ్ తలా ఒక పాయింట్ మీద ఉన్నాం. గ్రూపులో మొదట నిలిచిన జట్టుకే 2027 సౌదీ టికెట్. రెండో స్థానంలో వస్తే ఇంటికే.

కోచ్‌గా మనోలో మార్కెజ్ వచ్చాక లెక్క చూడండి: మారిషస్ 0-0, సిరియా 0-3, వియత్నాం 1-1, మలేషియా 1-1, మాల్దీవులు 3-0, బంగ్లాదేశ్ 0-0, నిన్న 0-2. ఏడింట్లో ఒక్క గెలుపు. కొట్టినవి ఐదు గోల్స్, అందులో మూడు మాల్దీవుల మీదే. ఐదింట్లో రెండు రాహుల్ భేకేవి, రెండూ కార్నర్ల మీద తలతో కొట్టినవి. అంటే మన టాప్ స్కోరర్ డిఫెండర్! మారిషస్, సిరియా, మలేషియా మ్యాచ్‌లు హైదరాబాద్‌లోనే జరిగాయి. డబ్బు పెట్టి గ్యాలరీలో కూర్చున్న మాకు ఒక్క గెలుపూ దక్కలేదు.

వింగ్‌బ్యాక్ 3
సన్నాహక మ్యాచ్ అన్నా. 10న గెలిస్తే దీన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

పాయింట్ల పద్దు
గుర్తుపెట్టుకోకపోయినా పద్దులో ఉంటుంది. ఫిఫా 2018 నుంచి వాడుతున్న లెక్కలో, వచ్చిన ఫలితంలోంచి (గెలుపు 1, డ్రా 0.5, ఓటమి 0) ఆశించిన ఫలితం తీసేసి, మ్యాచ్ ప్రాముఖ్యంతో గుణిస్తారు. ఫిఫా విండో (జాతీయ జట్ల మ్యాచ్‌లకి కేటాయించిన రోజులు) బయట ఆడే ఫ్రెండ్లీకి 5, విండోలో ఆడితే 10, ఆసియా కప్ క్వాలిఫయర్‌కి 25. నిన్నటిది విండోలో ఆడిందే. మనకన్నా 100 పాయింట్లు ఎక్కువున్న జట్టు మీద మన ఆశించిన ఫలితం 0.405 వస్తుంది. ఓడితే 4 పాయింట్లు పోతాయి, డ్రా చేస్తే దాదాపు ఒకటి వస్తుంది. ఇలా నాలుగేసి పోగొట్టుకుంటూ పోతే తర్వాతిసారి గ్రూపులు తీసే డ్రాలో కింది పాట్‌లో (బలహీన జట్ల బుట్టలో) పడతాం. అప్పుడు గ్రూపు కష్టంగా వచ్చిందని ఏడవడం దేనికి?

లో బ్లాక్
ర్యాంకింగ్ సంగతి పక్కన పెట్టండి. నా బాధ స్కోరు గురించి కాదు, ప్రత్యర్థి ఎంపిక గురించి. థాయ్‌లాండ్ బంతి తన దగ్గర పెట్టుకుని ఆడే జట్టు. హాంకాంగ్ కోచ్ ఆష్లీ వెస్ట్‌వుడ్. బెంగళూరు ఎఫ్‌సీకి రెండు ఐ-లీగ్‌లు గెలిపించినవాడు, మన స్ట్రైకర్ సునీల్ ఛెత్రీని దగ్గరుండి చూసినవాడు. 2024 మార్చి 26న గువాహతిలో మనల్ని 2-1తో ఓడించిన అఫ్గానిస్థాన్‌కి కోచ్ కూడా ఆయనే. ఆరోజు 38వ నిమిషంలో ఛెత్రీ పెనాల్టీతో మనం ముందున్నాం. 70లో ఒకటి, 88లో పెనాల్టీ మీద ఇంకోటి తిన్నాం. ఆయన పద్ధతి తెలిసిందే: రెండు వరుసలు బాక్స్ ముందు దగ్గరగా పేర్చి, మన ఫుల్‌బ్యాక్‌లు (పక్కల ఆడే డిఫెండర్లు) పైకి వచ్చేదాకా ఓపిక పట్టి, వాళ్ల వెనక ఖాళీలోకి బంతి కొట్టించడం.

అలాంటి జట్టుకి సిద్ధం కావాలంటే వెనక్కి తగ్గి ఆడే జట్టుతో ఆడాలి. మూడు పనులు సాధన కావాలి. ఒకటి, మనం దాడిలో ఉన్నప్పుడు వెనక ఇద్దరు సెంటర్ బ్యాక్‌లూ, ముందు ఒక డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డరూ కదలకుండా కాపు కాయడం. రెండు, బంతి పోయిన ఐదు సెకన్లలో దగ్గరున్న ముగ్గురు మీద పడటం. మూడు, ఊరికే ఎత్తు క్రాసులు వేయకుండా ఎండ్ లైన్ దాకా వెళ్లి పెనాల్టీ స్పాట్ వైపు వెనక్కి నేల మీద పాస్ ఇవ్వడం. థాయ్‌లాండ్ వెనకాల 90 నిమిషాలు పరుగెత్తితే ఈ మూడింట్లో ఏదీ సాధన కాదు.

కొత్త తరం 2031
ఇదంతా బాగానే ఉంది గానీ అసలు ముక్క వదిలేశారు. ఆ బంతి పెనాల్టీ స్పాట్ దగ్గరికి వస్తే కొట్టేదెవరు? రేపటికి సరిగ్గా ఏడాది, సాల్ట్ లేక్‌లో కువైట్ మీద ఆడి రిటైర్ అయిన ఛెత్రీని మార్చిలో వెనక్కి పిలిచారు. ఆగస్టులో ఆయనకి 41 నిండుతాయి. సన్నాహక మ్యాచ్ ఉన్నదే కొత్తవాళ్లని చూడటానికి. చూడకపోతే ఆడటమెందుకు?

వింగ్‌బ్యాక్ 3
మొన్నటి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో 14 గోల్స్ కొట్టాడు బ్రదర్ ఆయన. భారతీయుల్లో ఎవరికీ అన్ని లేవు. వయసు చూసి తీసేస్తావా?

గచ్చిబౌలి గ్యాలరీ
"కొత్తవాళ్లని చూడటానికి" అన్నంత మాత్రాన అందర్నీ మార్చేయలేరు కూడా. 2003 ఫిబ్రవరి 12న అప్టన్ పార్క్‌లో ఇంగ్లండ్ కోచ్ ఎరిక్సన్ హాఫ్‌టైమ్‌లో పదకొండు మందినీ మార్చేసి ఆస్ట్రేలియా చేతిలో 1-3తో ఓడాడు. రూనీ మొదటి మ్యాచ్ అదే. ఆ గోల తర్వాత 2004లో ఫిఫా ఫ్రెండ్లీలకి ఆరు మార్పుల హద్దు పెట్టింది.

లో బ్లాక్
నిజమే. అందుకే తెలిసిన కోచ్‌లు తలుపులు మూసి రెండో మ్యాచ్ పెట్టుకుంటారు. అరగంట చొప్పున మూడు భాగాలు, ఎన్ని మార్పులైనా చేసుకోవచ్చు, ర్యాంకింగ్‌లోకి రాదు. బెంచ్ మీదవాళ్ల కాళ్లకి మ్యాచ్ వేగం అలవాటవుతుంది. పిల్లల్ని చూడాలంటే చోటు అది.

పాయింట్ల పద్దు
అలా ఆడితే నాలుగు పాయింట్లూ మిగిలేవి. నేను మొదటినుంచీ చెప్తున్నది అదే.

రహీమ్ సాబ్ మైదానం
ఓటమి తర్వాత ఏం మార్చామన్నదే లెక్క. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన మొదటి మ్యాచ్ దక్షిణ కొరియా చేతిలో 0-2. నిన్నటి స్కోరే. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఆ డిఫెండర్‌ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. సెమీస్‌లో గోల్, ఫైనల్లో గోల్. అదే కొరియాని 2-1తో కొట్టి స్వర్ణం తెచ్చారు. ఓడిపోయామని కాదు, ఓడాక కూడా అదే జట్టు, అదే పద్ధతి అంటేనే భయం.

లో బ్లాక్
ఇదీ మాటంటే. 2010లో జపాన్‌దీ ఇదే కథ. ప్రపంచ కప్ ముందు కొరియా చేతిలో 0-2, ఇంగ్లండ్ చేతిలో 1-2 (రెండూ సెల్ఫ్ గోల్సే), ఐవరీ కోస్ట్ చేతిలో 0-2. కోచ్ ఒకాడా ఆ కొద్ది రోజుల్లో గోల్‌కీపర్‌ని మార్చాడు, కెప్టెన్‌ని మార్చాడు, డిఫెన్స్ ముందు అబేని కాపలా పెట్టాడు, మిడ్‌ఫీల్డర్ హోండాని ఒంటరిగా ముందు నిలబెట్టాడు. కామెరూన్‌ని, డెన్మార్క్‌ని ఓడించి రెండో రౌండ్‌కి వెళ్లారు.

గచ్చిబౌలి గ్యాలరీ
మంచి ఉదాహరణలే ఏరుకుంటున్నారు. 2018లో జర్మనీ సన్నాహక మ్యాచ్‌లో ఆస్ట్రియా చేతిలో 1-2తో ఓడింది. "సన్నాహకమే కదా" అనుకుని రష్యా వెళ్లి గ్రూపులోనే బయటికొచ్చింది.

కొత్త తరం 2031
జపాన్‌కి మార్చడానికి హోండా ఉన్నాడు. మనకెవరున్నారు? ఐఎస్‌ఎల్‌లో మైదానంలో నలుగురు విదేశీయులు ఆడొచ్చు. చాలా జట్లు ఆ నలుగురిలో ఒకణ్ని సెంటర్ ఫార్వర్డ్‌గానే పెడతాయి. మొన్నటి గోల్డెన్ బూట్ (ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చేది) విదేశీయుడైన అజరాయ్‌ది, 23 గోల్స్. ఇదే మనోలో 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీకి కప్పు తెచ్చినప్పుడు 18 గోల్స్ కొట్టింది మరో విదేశీయుడు ఒగ్‌బెచే. మన కుర్రాళ్లని వింగ్‌లోకి నెట్టేస్తారు. ఏడాదంతా పక్క గీత దగ్గర ఆడినవాణ్ని జాతీయ జట్టులో మధ్యలో నిలబెడితే, గోల్‌కి వీపు పెట్టి బంతి ఆపడం కూడా రాదు.

ఇక ఛెత్రీని నంబర్ 9 (సెంటర్ ఫార్వర్డ్) చోట పెడితే జరిగేది ఇది. ప్రత్యర్థి సెంటర్ బ్యాక్ బంతి తీసుకోగానే మన ముందువాడు వంపుగా పరుగెత్తి రెండో సెంటర్ బ్యాక్‌కి దారి మూయాలి. ఒకసారి కాదు, మ్యాచంతా. ఆ పరుగు ఒక్క అడుగు ఆలస్యమైతే బంతి రెండోవైపుకి మారిపోతుంది. అప్పుడు మన వింగర్ ముందుకి దూకాలి. వింగర్ దూకితే వాళ్ల ఫుల్‌బ్యాక్ ఖాళీ. అతని మీదికి మన ఫుల్‌బ్యాక్ వెళ్తే వెనక వింగర్ ఖాళీ. సెంటర్ బ్యాక్ పక్కకి జరిగేసరికి బాక్స్ ముందు గుమ్మం తెరిచినట్టే. టీవీలో తప్పు డిఫెండర్‌ది అనిపిస్తుంది. మొదలైంది మాత్రం ముందునుంచి.

వింగ్‌బ్యాక్ 3
అంటే రెండు గోల్స్ తినడానికీ ఛెత్రీయే కారణమంటావా? నువ్వసలు మ్యాచ్ చూశావా? దేశానికి 95 గోల్స్ కొట్టిన మనిషి మీద ఇంత కక్షేంటి?

కొత్త తరం 2031
కక్ష అన్నది నువ్వు. ఆయన ఆట మీద నాకు గౌరవం ఉంది. ఆయన పేరు చెప్పి పదేళ్లుగా తప్పించుకుంటున్న పెద్దల మీదే నా కోపం. మార్చిలో మాల్దీవుల మీద ఆయన గోల్ కొట్టగానే స్ట్రైకర్ల సమస్య తీరిపోయినట్టు చప్పట్లు కొట్టారు. ఆరు రోజులకి బంగ్లాదేశ్ మీద 0-0. నువ్వూ చప్పట్లు కొట్టినవాడివే.

వింగ్‌బ్యాక్ 3
కొట్టాను. మళ్లీ కొడతాను. నీకు ఆయన గోల్ కొట్టినా బాధే.

పాయింట్ల పద్దు
గొడవ సంగతేమో గానీ, హాంకాంగ్ మనకన్నా కింద ఉంది. మనకన్నా 75 పాయింట్లు తక్కువున్న జట్టు చేతిలో క్వాలిఫయర్ ఓడితే 14 పోతాయి. నిన్నటికి మూడింతలకి పైనే.

లో బ్లాక్
@కొత్త తరం, ప్రెసింగ్ (బంతి ఉన్నవాళ్ల మీదికి పరుగెత్తి ఒత్తిడి పెట్టడం) గురించి మీరు చెప్పింది థాయ్‌లాండ్ లాంటి జట్టు మీద సరిగ్గా సరిపోతుంది. వెస్ట్‌వుడ్ జట్టు వెనక నుంచి చిన్న పాసులతో ఆడకపోతే ఆ పరుగుల అవసరమే సగానికి తగ్గుతుంది. అప్పుడు కావాల్సింది బాక్స్‌లో అర అడుగు ముందు కదిలి తల పెట్టేవాడు. మరి ఛెత్రీ వద్దంటే 10న ఎవరు? వాదన కాదు, పేరు చెప్పండి.

కొత్త తరం 2031
ఇర్ఫాన్ యాడ్వాడ్, డేవిడ్, సుహైల్ భట్, ఎవరైనా సరే. వాళ్లలో ఒకరికి వరుసగా పది మ్యాచ్‌లు ఇవ్వండి. గెలిచినా ఓడినా.

లో బ్లాక్
ఓడినా? గ్రూపులో ఒక్క జట్టే వెళ్తుందని తెలిసి కూడా?

కొత్త తరం 2031
ఓడినా. సూటిగానే చెప్తున్నా. 2023 ఆసియా కప్‌కి వెళ్లాం కదా. ఆస్ట్రేలియా 0-2, ఉజ్బెకిస్థాన్ 0-3, సిరియా 0-1. మూడు మ్యాచ్‌లు, ఆరు గోల్స్ తిన్నాం, ఒక్కటీ కొట్టలేదు. అలా వెళ్లడానికి ఇంకో రెండేళ్లు ఒక కుర్రాడి ఎదుగుదలని తాకట్టు పెట్టాలా? 2027 పోతే పోనివ్వండి. 2031 ఆసియా కప్‌కి అనుభవమున్న స్ట్రైకర్ తయారుగా ఉంటాడు.

రహీమ్ సాబ్ మైదానం
ఇన్ని పోస్టుల తర్వాత ఇప్పుడు తేలింది మీ గొడవ. థాయ్‌లాండ్ సంగతి కాదు, ఛెత్రీ సంగతీ కాదు. సౌదీ వెళ్లాలా వద్దా అన్నది.

లో బ్లాక్
అవును, అక్కడే మీతో నాకు పడదు. ఆసియా కప్ పోతే పోయేది మూడు మ్యాచ్‌లే కాదు. ఆ టోర్నీ ఉంటేనే దానికి ముందు నెలల తరబడి మంచి జట్లు మనతో ఫ్రెండ్లీ ఆడటానికి ఒప్పుకుంటాయి, క్లబ్బులు క్యాంపుకి ఆటగాళ్లని ముందుగా వదులుతాయి, స్పాన్సర్ సంతకం పెడతాడు. అది లేని జట్టుకి విండోలో దొరికేది మన కింది జట్లే. మీరు చెప్పే ఆ స్ట్రైకర్ ఎవరి మీద ఆడి నేర్చుకుంటాడు? 2019 జనవరిలో ఇదే థాయ్‌లాండ్‌ని అబుదాబిలో 4-1తో కొట్టాం. అది ఆసియా కప్‌లోనే. ఇవాళ వాళ్లు మన ముందున్నారు. వేదిక మీద లేకపోతే ఇంకా వెనకబడతాం.

10వ తేదీ లెక్క కూడా చూడండి. నిన్న 60 నిమిషాలు దాటి ఆడినవాళ్లకి ఇవాళ, రేపు తేలికపాటి కదలికలే. రెండు రోజులు గడవకుండా గట్టి సెషన్ పెడితే తొడ కండరాలు పట్టేస్తాయి. కాబట్టి గట్టి సెషన్ 7న ఒక్కటే. 8న సగం. 9న స్టేడియంలో కాళ్లు సాగదీసుకుని, కార్నర్లు, ఫ్రీ కిక్‌లు చూసుకోవడం. అంటే కొత్త విషయం నేర్పడానికి చేతిలో ఉన్నది ఒకటిన్నర సెషన్. అందులో కొత్త స్ట్రైకర్‌ని తయారుచేయలేం. కార్నర్ల మీద భేకే పరుగునీ, ఎండ్ లైన్ నుంచి వెనక్కిచ్చే పాసునీ మాత్రం సాధన చేయించవచ్చు. నేనైతే ఆ సమయమంతా వాటికే పెడతాను.

గచ్చిబౌలి గ్యాలరీ
ఇద్దరికీ ఒకటే ప్రశ్న. 10న హాంకాంగ్‌లోని కై తక్ స్టేడియంలో 70వ నిమిషం, 0-0, ఛెత్రీ బెంచ్ మీద ఉన్నాడు. దింపుతారా?

లో బ్లాక్
దింపుతాను. వాళ్లు బాక్స్‌లోకి తగ్గేది అప్పుడే, ప్రెసింగ్ పరుగులు అక్కర్లేనిదీ అప్పుడే.

కొత్త తరం 2031
దింపను. మైదానంలో ఉన్న కుర్రాణ్ని 90 దాకా ఆడనిస్తాను. ఆ చివరి ఇరవై నిమిషాల ఒత్తిడి వాడికి ఏ క్లబ్బులోనూ దొరకదు.