ఫీజు తేలకముందే మాట ఇమ్మంటే న్యాయమేనా? ఎర్లీ డెసిషన్ మీద చర్చ

ఎడిసన్_అమ్మ

అందరికీ నమస్కారం. మా అబ్బాయి న్యూజెర్సీలో ట్వెల్త్ చదువుతున్నాడు. ఒక ప్రైవేటు యూనివర్సిటీకి ఎర్లీ డెసిషన్ (ఈడీ) వేస్తానంటున్నాడు. నవంబర్ 1 లోపు అప్లికేషన్, డిసెంబర్ మధ్యలో రిజల్ట్. సీటు వస్తే మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకుని అక్కడే చేరాలి. ఆ ఒప్పందం మీద వాడు, మాలో ఒకరు, స్కూల్ కౌన్సెలర్, ముగ్గురూ సంతకం పెట్టాలి. హాస్టలు, తిండి కలిపి అక్కడ ఏడాదికి 90 వేల డాలర్లు దాటుతోంది. మాది హెచ్1బి వర్క్ వీసా, వాడిది దాని మీద పిల్లలకిచ్చే హెచ్4. మావారు "ఎంత కట్టాలో తెలియకుండా సంతకం ఎలా పెడతాం?" అంటున్నారు. వాడు "ఈడీ వేయకపోతే సీటు రాదమ్మా" అంటున్నాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, అదే నాకు టెన్షన్. అసలు ఈ రూలు న్యాయమైనదేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఫ్రిస్కో_నాన్న

నేను ఈడీ వైపే మాట్లాడతానండీ. మా అమ్మాయి అలాగే చేరింది. కాలేజీ వైపు నుంచి కూడా చూడండి. ఈ రోజుల్లో ఒక్కొక్కరు పదిహేను, ఇరవై చోట్ల అప్లై చేస్తున్నారు. సీటు ఇచ్చినవాళ్లలో ఎంతమంది వస్తారో వాళ్లకు తెలియదు. ఎక్కువమంది వస్తే హాస్టల్ గదులు చాలవు, తక్కువమంది వస్తే బడ్జెట్ దెబ్బతింటుంది. "సీటు ఇస్తే తప్పకుండా వస్తాను" అన్న పిల్లకు కాస్త మొగ్గు చూపిస్తే తప్పేముంది? రూల్స్ వెబ్‌సైట్‌లో రాసే ఉన్నాయి. ఎవరినీ బలవంతపెట్టడం లేదు. డిసెంబర్‌లోనే తేలిపోయింది కాబట్టి మా అమ్మాయి మిగతా సంవత్సరమంతా ప్రశాంతంగా చదువుకుంది. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ కూడా ముందుగా వేసేవాళ్లను తీసుకుంటున్నాయి కదా.

పర్డ్యూ_తమ్ముడు

అంకుల్, ఒక చిన్న సవరణ. హార్వర్డ్, యేల్, ప్రిన్‌స్టన్, స్టాన్‌ఫర్డ్‌లో ఉన్నది ఈడీ కాదు, రిస్ట్రిక్టివ్ ఎర్లీ యాక్షన్. ముందుగా వేసేటప్పుడు వేరే ప్రైవేటు కాలేజీకి ఎర్లీ వేయకూడదు, అంతే. సీటు వచ్చినా చేరి తీరాలని లేదు, మే 1 వరకు ఆలోచించుకోవచ్చు. ఎంఐటీ, పర్డ్యూలలో మామూలు ఎర్లీ యాక్షన్, ఆ షరతు కూడా లేదు. కట్టిపడేసేది ఈడీ ఒక్కటే. నేను మూడు చోట్ల ఎర్లీ యాక్షన్ వేసి, ఫీజులు పక్కపక్కన పెట్టి చూసుకుని పర్డ్యూలో చేరాను.

ఓరుగల్లు_టు_బోస్టన్

ఫ్రిస్కో అన్నా, "బలవంతం లేదు" అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. మన ఎంసెట్‌లో ఎన్ని లోపాలైనా ఉండనీ, వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఫలానా కాలేజీ ఫీజు ఎంతో, పోయినేడు ఏ ర్యాంకు వరకు వచ్చిందో అందరికీ తెలుసు. ఉన్నవాడికీ లేనివాడికీ అదే లిస్టు. ఇక్కడ అలా కాదు. పెన్సిల్వేనియా యూనివర్సిటీ (పెన్) లాంటి చోట దాదాపు సగం సీట్లు ఈడీలోనే నిండిపోతాయి. మిగిలిన సగం కోసం రెగ్యులర్‌లో, అంటే మాట ఇవ్వనక్కర్లేని మామూలు రౌండ్‌లో, ఎన్నో రెట్లు ఎక్కువమంది కొట్టుకోవాలి. ఎర్లీ వేసినందుకు కలిసొచ్చే లాభం ఎస్‌ఏటీ ప్రవేశ పరీక్షలో 100 పాయింట్లు ఎక్కువ తెచ్చుకున్నదానికి సమానమని 2003లోనే పరిశోధకులు లెక్క తేల్చారు. ఆ లాభం ఎవరికి? నాలుగు కాలేజీల ఎయిడ్ (ఫీజులో ఆర్థిక సాయం) లెటర్లు పోల్చుకోవాల్సిన అవసరం లేనివాళ్లకు. పోల్చుకోక తప్పనివాళ్లు రెగ్యులర్ లైన్‌లో నిలబడాలి.

ఇది నేనొక్కణ్ణే అంటున్న మాట కాదు. 2006లో హార్వర్డ్, ప్రిన్‌స్టన్, వర్జీనియా యూనివర్సిటీ ఎర్లీ అడ్మిషన్లు ఎత్తేశాయి. ఇప్పటికే అన్నీ ఉన్నవాళ్లకే ఈ పద్ధతి ఇంకా కలిసొస్తోందని అప్పటి హార్వర్డ్ తాత్కాలిక అధ్యక్షుడు డెరెక్ బాక్ బాహాటంగానే చెప్పాడు. మిగతా కాలేజీలు వెంట నడవలేదు. మంచి పిల్లలు డిసెంబర్‌లోనే వేరే చోట ఖాయమైపోతుంటే ఎంతకాలం చూస్తూ కూర్చుంటారు? 2011 కల్లా ఎర్లీ రౌండ్ మళ్లీ తెచ్చుకున్నారు. హార్వర్డ్ అంతటిదే ఒంటరిగా నిలవలేకపోయిందంటే, ఒక మామూలు కుటుంబానికి "ఇష్టం లేకపోతే వేయకు" అని చెప్పడంలో అర్థం ఏముంది?

ఫ్రిస్కో_నాన్న

ఎంసెట్‌తో పోలిక సరికాదు. అక్కడ ఒకే పరీక్ష, ఒకే ర్యాంకు. ఇక ఎయిడ్ సంగతి. ఇచ్చిన ఎయిడ్ చాలకపోతే ఈడీ ఒప్పందం నుంచి బయటికి రావచ్చని రూల్స్‌లోనే ఉంది. పైగా 2011 నుంచి ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ పెట్టాలని చట్టం కూడా ఉంది. మీ జీతం, ఆస్తి కొట్టి చూడండి, ఎంత పడుతుందో ముందే అంచనా వస్తుంది.

అప్లికేషన్_అక్క

ఎడిసన్ అమ్మగారూ, మా ఊరి పిల్లలకు కొన్నేళ్లుగా అప్లికేషన్లలో సాయం చేస్తున్నాను. న్యాయం సంగతి అందరూ మాట్లాడుతున్నారు, మీ ఇంటి సంగతి వేరేగా ఉంది. ఇది జాగ్రత్తగా చదవండి.

ఆ కాలిక్యులేటర్ పౌరులను, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని తయారుచేసింది. హెచ్4 పిల్లలకు ఫెడరల్ ఎయిడ్ రాదు. చాలా ప్రైవేటు యూనివర్సిటీలు వాళ్లను ఎయిడ్ విషయంలో ఇంటర్నేషనల్ విద్యార్థుల కిందే లెక్కేస్తాయి, కిండర్‌గార్టెన్ నుంచి ఇక్కడే చదివినా సరే. కాలిక్యులేటర్ 35 వేలు చూపించిందని నమ్మి సంతకం పెడితే, అసలు ఉత్తరంలో పూర్తి ఫీజు ఉండొచ్చు.

రెండోది ఇంకా ముఖ్యం. హార్వర్డ్, యేల్, ప్రిన్‌స్టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్ లాంటి కొన్ని చోట్ల ఏ దేశం వాళ్లైనా ఎయిడ్ అడిగారా లేదా అన్నది చూడకుండానే సీటు నిర్ణయిస్తారు. మిగతా చాలా చోట్ల ఇంటర్నేషనల్ విద్యార్థి ఎయిడ్ అడిగితే అది కూడా సీటు లెక్కలోకి వస్తుంది. పోనీ అడగకుండా వేద్దామంటే, మొదట అడగనివాళ్లు తర్వాత నాలుగేళ్లూ అడగడానికి వీల్లేదని చాలా కాలేజీలు ముందే చెబుతాయి. కాబట్టి "బాగా ఇష్టమైన చోట ఈడీ వేసేయ్" అనే సలహా మీ పక్కింటి సిటిజన్ పిల్లాడికి పనికొచ్చినట్టు మీ వాడికి పనికిరాదు.

సంతకానికి ముందే ఎయిడ్ ఆఫీసుకు మెయిల్ పెట్టండి. మూడే ప్రశ్నలు. హెచ్4ను మీరు ఎలా లెక్కేస్తారు? ఎయిడ్ అడిగితే సీటు మీద ప్రభావం ఉంటుందా? మా ఆదాయ వివరాలు పంపితే ముందస్తు అంచనా రాసిస్తారా? ఫోన్‌లో చెప్పింది చాలదు, మెయిల్‌లోనే తీసుకోండి.

ఓరుగల్లు_టు_బోస్టన్

అక్కా, ఇది చదివాక మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే "ఈడీ వేస్తే చాన్స్ డబుల్" మెసేజీలు ఎంత ప్రమాదమో అర్థమైంది.

ఒప్పందం నుంచి బయటికి రావచ్చన్న మాటకు ఇంకో కోణం ఉంది. కోర్టులో కేసు వేయరు, నిజమే. కానీ ఈడీలో సీటొచ్చిన ఒక విద్యార్థి చేరలేదని న్యూ ఆర్లీన్స్‌లోని టులేన్ యూనివర్సిటీ కొలరాడోలో ఆ స్కూలు మొత్తానికి ఒక ఏడాది ఈడీ అవకాశం తీసేసింది. ఎవరో సీనియర్ మాట తప్పితే వెనక వచ్చే పిల్లలు ఏం చేశారు? 2025 ఆగస్టులో 32 కాలేజీల మీద బోస్టన్ ఫెడరల్ కోర్టులో యాంటీట్రస్ట్ దావా పడింది. ఈడీ అభ్యర్థి జోలికి వేరే కాలేజీ రాకుండా అంతా ఒక అవగాహనతో ఉన్నారని, అందువల్ల పోటీ పోయి ఫీజులు పెరుగుతున్నాయని ఆరోపణ. ఏం తేలుతుందో చూడాలి.

ఫ్రిస్కో_నాన్న

స్కూలు మొత్తాన్ని శిక్షించడం నాకూ నచ్చలేదు. కానీ మాట ఇచ్చి తప్పితే ఏమీ కాదంటే అందరూ అదే చేస్తారు, అప్పుడు నిజాయితీగా వేసినవాళ్లకే నష్టం. హెచ్4 విషయం మాత్రం నాకు కొత్త. మాకు అప్పటికే గ్రీన్‌కార్డు వచ్చింది కాబట్టి ఆ చిక్కు మా దాకా రాలేదు.

పర్డ్యూ_తమ్ముడు

ఈడీ లేకుండా కాలేజీలు నడవవన్న వాదన నాకు ఎక్కదు. బర్కిలీ, యూసీఎల్‌ఏ సహా కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీ (యూసీ) క్యాంపస్‌లన్నింటికీ ఒకటే గడువు, ఎర్లీ రౌండే లేదు. అక్కడ సీట్లు ఖాళీగా ఏమీ లేవు. వర్జీనియా టెక్ 2023లో ఈడీ తీసేసింది. మరోవైపు మిషిగన్ యూనివర్సిటీ 2025లో కొత్తగా ఈడీ మొదలుపెట్టింది. ప్రభుత్వ యూనివర్సిటీలు కూడా ఆ దారి పడితే హెచ్4 ఇళ్లకు మిగిలే దారులు ఇంకా తగ్గుతాయి.

ఎడిసన్_అమ్మ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. అక్క చెప్పిన మూడు ప్రశ్నలూ నిన్న రాత్రే మెయిల్ చేశాం. పొద్దున జవాబు వచ్చింది. హెచ్4 అంటే ఇంటర్నేషనల్ కిందే లెక్క, ఎయిడ్ అడిగితే ప్రభావం ఉంటుంది, ముందస్తు అంచనా ఇవ్వరట. మా వాడు ఆ మెయిల్ రెండుసార్లు చదివి, తానే లిస్టు తెరిచి ఆ కాలేజీని రెగ్యులర్‌లోకి మార్చాడు. రట్గర్స్, పర్డ్యూలకు ఎర్లీ యాక్షన్ వేస్తున్నాడు. వాడి ముఖం చూస్తే నాకు కష్టంగానే ఉంది. ఇన్నేళ్లూ ఇక్కడి బళ్లో పక్కపక్కన కూర్చున్న పిల్లల్లో వాడికొక్కడికే ఈ తలుపు మూసుకుంది. దీన్ని న్యాయం అని మాత్రం నేను ఒప్పుకోలేను.

అప్లికేషన్_అక్క

రట్గర్స్‌లో ఇన్‌స్టేట్ ఫీజు (మన న్యూజెర్సీ వాళ్లకుండే తక్కువ ఫీజు) వర్తిస్తుందో లేదో హెచ్4 కాగితాలతో ఇప్పుడే కనుక్కోండమ్మా. జనవరి మొదట్లో ఈడీ 2 అని ఇంకో గడువు వస్తుంది. అప్పుడూ మీ వాడి మీద ఇదే ఒత్తిడి ఉంటుంది. ఏ కాలేజీకైనా ఈ మూడు ప్రశ్నలకు మెయిల్‌లో జవాబు వచ్చాకే సంతకం.