చర్చ: పిల్లలున్న ఇంట్లో ముంబై ఫుల్ మారథాన్‌కి (42 కి.మీ.) వారానికి మూడు రోజుల పరుగు చాలా? మధ్యలో హాఫ్ రేసు (21 కి.మీ.) కావాలా?

ఉప్పుగాలి (బరంపురం): ముంబై మారథాన్ జనవరి మూడో ఆదివారం. సెప్టెంబరు చివర్లో మొదలుపెడితే పదహారు వారాలు చేతిలో ఉంటాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైన ఇంట్లో వారానికి ఎన్ని రోజులు పరిగెత్తితే సరిపోతుంది? డిసెంబరులో విశాఖ వెళ్లి ఒక హాఫ్ రేసు చేయడం మంచిదా, దండగా?

మూడేచాలు (జయపురం): ఒక రోజు ఇంటర్వెల్స్ (కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా), ఒక రోజు టెంపో (ఆపకుండా ఒకే గట్టి వేగంతో), ఆదివారం లాంగ్ రన్ (వారంలో అన్నిటికంటే పెద్ద పరుగు). మిగతాదంతా కిలోమీటర్ల లెక్క పెంచుకోవడానికే. నాలుగు ఉదయాలు ఇంటికి మిగులుతాయి.

నిదానం (పర్లాకిమిడి): మిగలవండీ. అమెరికాలో ఫర్మన్ యూనివర్సిటీ వాళ్ల పద్ధతిలో మూడు పరుగులతో పాటు రెండు రోజులు సైకిలో ఈతో ఉంటుంది. మనవాళ్లు ఆ రెండూ ఎగ్గొట్టి పేరు మాత్రం ఉంచుకున్నారు. లెక్క చూడండి: మూడు పరుగులూ 8, 10, 28 కి.మీ. అనుకుంటే, కలిపి 46. అందులో ఆదివారానిదే 61 శాతం. వారమంతా అలవాటు లేని కాళ్ల మీద ఒక్కసారిగా అంత బరువు పడితే ముందు పిక్కలు, ఆ తర్వాత మడమ వెనక నరం పట్టేస్తాయి. పైగా మూడూ కష్టమైన పరుగులే, తేలిక రోజంటూ లేదు.

నాలుగు రోజులు పెట్టుకోండి: మంగళ 10 తేలిగ్గా, గురు 14 (మధ్యలో 6 టెంపో), శని 8, ఆది 26. తేలిగ్గా అంటే పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగం. గురువారం అలసటగా ఉంటే టెంపో వదిలేయండి, శనివారం 8 వదలొద్దు.

మూడేచాలు: ఆ శనివారం 8 దగ్గరే కదా ఇంట్లో గొడవ!

నిదానం: 8 కి.మీ. అంటే యాభై ఐదు నిమిషాలు, పిల్లలు లేచేలోపు అయిపోతుంది. ఇంటికి అసలు భారం ఆదివారం. కిలోమీటరుకు 7 నిమిషాల చొప్పున 30 కి మూడున్నర గంటలు. గోపాల్‌పూర్ రోడ్డు మీద నాలుగింటికి మొదలుపెడితే ఏడున్నర. స్నానం, టిఫిన్ అయ్యేసరికి తొమ్మిది. అక్కడితో అయిందా? మధ్యాహ్నం రెండు గంటల నిద్ర! ఇంట్లోవాళ్లకు చెప్పేటప్పుడు ఆ నిద్ర కూడా కలిపి చెప్పండి. అందుకే 30 దాటే పరుగులు పదహారు వారాల్లో రెండే ఉండాలి. (చీకట్లో రోడ్డుకు కుడివైపే, ఎదురొచ్చే బండ్లు కనబడేలా.)

కొండవాలు (రాయగడ): నాలుగు రోజులకు నా ఓటు. హాఫ్ రేసు మాత్రం వద్దు. పందెం వేగంతో పరిగెత్తిన ప్రతి మైలుకూ ఒక రోజు కోలుకోవాలన్నది పాత లెక్క. హాఫ్‌కి పదమూడు రోజులు, అంటే సరిగ్గా డిసెంబరులో రెండు వారాల శిక్షణ పోతుంది. రేసుకి ముందురోజు ప్రయాణంతో శనివారం కూడా ఇంటికి దక్కదు. దానికి బదులు ఆదివారం 26 కి.మీ.లో చివరి 12 మారథాన్ వేగంతో పరిగెత్తండి.

ఉప్పుగాలి: మరి ఆ వేగమెంతో తెలిసేదెలా?

నిదానం: అందుకే హాఫ్ కావాలంటున్నా, అయితే నవంబరు చివర్లోనే. హాఫ్ సమయాన్ని 2.085 తో గుణించండి: 2 గంటలు పట్టినవాళ్లకు 4 గంటల 10 నిమిషాలు. వారానికి 60 కి.మీ. దాటనివాళ్లు ఇంకో పది నిమిషాలు కలుపుకోవాలి. జెల్ (పరుగు మధ్యలో శక్తికి తినే తీపి పేస్టు) పొట్టకు పడుతుందో లేదో కూడా అక్కడే తేలుతుంది.

కొండవాలు: నవంబరంతా పెళ్లిళ్లే కదండీ.

నిదానం: ఏదో ఒక పెళ్లికి అక్షింతలు వేసి వచ్చేయాలి మరి. డిసెంబరు మధ్య నుంచి ధనుర్మాసం, ముహూర్తాలుండవు. పెద్ద పరుగులు అప్పుడు పెట్టుకోండి. ఆఖరిది రేసుకి మూడు వారాల ముందు. అక్కడి నుంచి వారానికి 45, 35 కి.మీ., ఆఖరి వారం రేసు కాక 15. వేగం అదే, దూరమే తగ్గాలి. అప్పుడు మిగిలిన ఉదయాలు ఇంటివే: పండగ బూజు దులపడం ఆ మొదటి వారంలో మీ వంతు.

మూడేచాలు: సంక్రాంతి అరిసెల సంగతో?

నిదానం: భోగినాడు తినండి. రేసుకి ముందు రెండు రోజులు మాత్రం నూనె వద్దు. తెల్లన్నం, పప్పుచారు, ఇడ్లీ. ముంబైకి రైల్లో రెండు రాత్రులు, టిఫిన్ క్యారియర్ సర్దుకోండి.