అప్‌డేట్: బాప్తిస్మం తీసుకున్నా కోపం పోలేదని అడిగాను కదా

బాప్తిస్మం తీసుకుని రెండేళ్లయినా ఇంట్లో నోరు జారుతూనే ఉన్నాను, నా రక్షణ, అంటే పాపం నుంచి విడుదల, నిజమేనా అని పోయిన నెల ఇక్కడ అడిగాను. మీలో కొందరు బైబిల్లో రోమీయులకు రాసిన పత్రిక 7వ అధ్యాయం చదవమన్నారు. చేయాలనుకున్న మేలు చేయలేకపోతున్నానని ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలే రాశాడు! మా పాస్టర్‌గారు అక్కడ ఆగనివ్వకుండా 8:1 కూడా చదివించారు. క్రీస్తుయేసులో ఉన్నవాళ్లకు శిక్షావిధి లేదన్న మాట దగ్గర ఏడ్చేశాను.

కోపం పోయిందని చెప్పను. మొన్న పాలు పొంగిపోయాయని మా ఆవిడ మీద అరిచాను. ఇదివరకైతే ఆదివారం దాకా ముఖం చాటేసేవాణ్ణి. ఈసారి స్టవ్ తుడుస్తున్న తన చేతిలోంచి గుడ్డ తీసుకుని, తప్పు నాదే అన్నాను. తను ఏమీ అనలేదు, పక్కనే నిలబడింది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత ఇద్దరం కలిసి ప్రార్థన చేసుకున్నాం. మా కోసం ప్రార్థించిన అందరికీ వందనాలు.